రెప్ప వెయ్యని సార్జెంటు

భవానీపురంలో ఫోటోలు తీసే సార్జెంటు దేవసహాయం గారు మొన్న శుక్రవారం మధ్యాహ్నం ప్రభువునందు నిద్రించారు. యాభయ్యో ఏడు ఇంకా నిండలేదు. ఈ దుర్వార్తను నా చెవిన వేసినవాడు లారీ సాంబయ్య. తన లారీని మా ఆఫీసు గేటుకు అడ్డంగా ఆపి, ఇంజను ఆర్పడం కూడా మరిచి, ఫైళ్ళ గుట్టల మధ్యనుంచి నడిచివచ్చి నా బల్ల ముందు నిలబడి, "సార్జెంటు గారు వెళ్ళిపోయారండీ" అన్నాడు. "ఏ సార్జెంటు?" అన్నాను. బెజవాడ మొత్తం మీద నాకు తెలిసిన సార్జెంటు ఒక్కరే. ముందురోజు ఆసుపత్రిలో ఆయన మంచం పక్కన నిలబడి వచ్చాను కూడా. అయినా ఆ ప్రశ్న అడిగాను. సాంబయ్య తలగుడ్డ విప్పి కళ్ళు తుడుచుకున్నాడు. బయట నాలుగు రిక్షాలూ ఒక బస్సూ అతని లారీని తిడుతున్నాయి.

ఈ పత్రిక పాఠకులకు నా సంగతి తెలుసు. నేను అతిశయోక్తుల వ్యాపారిని. మా వీధిలో పడ్డ చినుకు నా కలంలో పడితే బారేజీ గేట్లన్నీ ఎత్తాల్సి వస్తుంది. మా ఇంట్లో ఎలుక నా వ్యాసంలోకి వచ్చేసరికి అంబారీ కట్టించుకుంటుంది. అట్లాంటి నాకు ఆ పూట ఒక్క ఉపమానం కూడా తోచలేదు. ఇప్పటికీ సరిగా తోచడం లేదు. అందువల్ల ఈ వ్యాసంలో నేను అక్కడక్కడ ఉబ్బించి రాసినా అది అలవాటు కొద్దీ జరిగినదని, శోకాన్ని తేలిక చేయడానికి కాదని పెద్దలు మన్నించాలి.

దివంగతులది పామర్రుకు నాలుగు మైళ్ళ దూరాన వరిచేల నడుమ ఉన్న పల్లె. తల్లిదండ్రులు ఇతరుల చేలల్లో నాట్లు వేసి బతికినవారు. మిషను బడిలో చదువు. పద్దెనిమిదో ఏట విమానం నడుపుదామని వైమానిక దళంలో చేరితే, ఆ ఘనత వహించిన సంస్థ ఆయన చేతికి విమానానికి బదులు కెమెరా ఇచ్చింది. "కొన్నాళ్ళు ఏడ్చానండీ. తర్వాత తెలిసింది, పైలట్‌కి తన విమానం కనపడదు. నాకు కనపడుద్ది" అని చెప్పేవారు.

రూపం వర్ణించాలి. ఆజానుబాహువు అని రాయబోయి ఆగాను. ఉండి ఉంటే ఒప్పుకునేవారు కాదు. కాని ఆ మీసం విషయంలో నన్ను ఎవరూ ఆపలేరు. దాని ఎడమ కొస ఇబ్రహీంపట్నం వైపు, కుడి కొస బందరు వైపు చూస్తుండేవి. ఆయన రోడ్డు దాటుతుంటే సైకిళ్ళవాళ్ళు గంట కొట్టేది మనిషి కోసం కాదు, మీసం కోసం. ఈ మాట ఆయన ఎదుటే అన్నాను ఒకసారి. ఆయన వేలితో మీసం కొలుచుకుని "అంత లేదండీ" అన్నారు.

"అంత లేదండీ" అనేది ఆయన ఊతపదం. నాతో స్నేహం మొదలయ్యాకే అది ఊతపదమైందని సలోమి గారు అంటుండేవారు. సలోమి గారంటే వారి సతీమణి, మిషను బడిలో టీచరు, ఆదివారం చర్చిలో పాటలు ఎత్తుకునే కంఠం. నేను రోజూ సాయంత్రం వారి స్టూడియో అరుగు మీద చేరి ప్రపంచాన్ని ఉబ్బిస్తుండేవాణ్ణి. ఆయన ఫోటోలకు అంచులు కత్తిరిస్తూ, తలెత్తకుండా, ప్రపంచంలోంచి గాలి తీసేస్తుండేవారు. స్టూడియో అని నేను గౌరవం కొద్దీ అంటున్నాను. ఇంటి ముందరి గది. బయట "ఫోటోలు తీయబడును" అని చెక్కబోర్డు. పేరు పెట్టండీ, "గగనవిహారి" అని పెట్టండీ అని ఎంత పోరినా వినలేదు. "తీసేది నేల మీద కదండీ" అన్నారు.

ఆయన ఉద్యోగం సంగతి వింటే మొదట్లో ఎవరూ నమ్మేవారు కాదు. ఎగురుతున్న ఒక విమానంలో కూర్చుని, పక్కనే ఎగురుతున్న మరో విమానాన్ని ఫోటో తీయడం. సరుకులు మోసే పెద్ద విమానం వెనక తలుపు తీసేసి, ఈయన నడుముకు పట్టాలు బిగించి, ఆ పట్టాలను విమానం నేలకు కట్టి, అంచు మీద కూర్చోబెట్టేవారు. కాళ్ళ కింద రెండు మైళ్ళ లోతు శూన్యం. ముఖం మీద నిప్పులా చలి. చేతుల్లో బియ్యం బస్తా అంత కెమెరా. ("అంత లేదండీ, ఐదు కిలోలు.") ఎదురుగా, కేక వేస్తే వినపడేంత దూరంలో ఒక జెట్. కేక వేసినా వినపడదన్నది వేరే సంగతి.

ఆయన ఎక్కువగా తీసినవి మామూలు జెట్లు కావు. శత్రువుల రాడార్లను గందరగోళంలో పడేసే జెట్లు. అవి బాంబులు వేయవు, తుపాకులు పేల్చవు. రాడారు వినవలసిన చప్పుడు మీద అంతకన్నా పెద్ద చప్పుడు చేసి, దానికి ఏదీ అంతుపట్టకుండా చేస్తాయి. ఆ విమానాలకు కొత్తగా బిగించిన పరికరాలు గాలి ధాటికి ఎట్లా నిలుస్తున్నాయో నేల మీదున్న ఇంజనీర్లు చూడాలంటే దేవసహాయం గారి ఫోటోలే ఆధారం. ఇంతమటుకు పత్రికల్లో వచ్చింది కాబట్టి ఇంతమటుకు చెప్పేవారు. ఆపైన అడిగితే కత్తెర చప్పుడే వినపడేది. పాతికేళ్ళ ఉద్యోగం వదిలి వచ్చేటప్పుడు అక్కడ చూసిందేదీ ఎక్కడా చెప్పనని సంతకం పెట్టి వచ్చారు. తీసిన వేల ఫోటోల్లో ఒక్కటి కూడా ఆయన దగ్గర లేదు. "చూసిందల్లా తీయాలండీ. తీసిందల్లా చూపించకూడదు" అనేది ఆయన ధర్మశాస్త్రం మొత్తం.

ఆకాశంలో కేకలు పనికిరావు గనక అక్కడ పని అంతా చేతి సైగల మీద నడుస్తుందట. అరచెయ్యి కిందికి ఆడిస్తే కొంచెం దిగమని, రెండు వేళ్ళు దగ్గరికి చేరిస్తే దగ్గరికి రమ్మని, పిడికిలి బిగిస్తే అట్లాగే ఉండమని. ఆ అలవాటును ఆయన తెచ్చి మన పెళ్ళి గ్రూపు ఫోటోల మీద ప్రయోగించారు. ఒకసారి వన్‌టౌన్‌లో ఒక పెళ్ళిలో వధూవరులను, వారి వెనక మూడు వరసల బంధుసైన్యాన్ని నిలబెట్టి ఈయన మౌనంగా చేతులు ఊపడం మొదలుపెట్టారు. పెళ్ళికొడుకు మేనమామకు ఒళ్ళు మండింది.

"ఏంటయ్యా, నోరు లేదా నీకు? ఆ చేతులేంటి, దిష్టి తీస్తున్నావా?"

"మాట్లాడితే అందరూ నా వంక చూసి నవ్వుతారండీ. అది నాకోసం నవ్విన నవ్వవుద్ది. నాకది వద్దు."

"మరి ఎవరి కోసం నవ్వమంటావు?"

"నవ్వమనలేదండీ. తమరు కొంచెం ఎడం పక్కకి దిగండి."

ఆ మేనమామ పక్కనున్న చెల్లెలి వంక చూశాడు. చెల్లెలు అతని వంక చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సరిగ్గా అప్పుడు నొక్కారు. ఆ అన్నాచెల్లెళ్ళు అంతకుముందు కొన్నేళ్ళుగా మాటల్లేకుండా ఉన్నారని, ఆ ఫోటో చూసుకుని మాటలు కలిశాయని నేను అందరికీ చెప్తుంటాను. ఇది మాత్రం ఉబ్బించింది కాదు. ఆ మేనమామే వచ్చి చెప్పాడు.

సాంబయ్య లారీ కథ చెప్పకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు, ఎందుకంటే నా పాపానికి బీజం అక్కడే పడింది. సాంబయ్య కొత్త లారీ కొని ఆటోనగర్‌లో బాడీ కట్టించాడు. తలుపుల మీద నెమళ్ళు, వెనక తామరలు, పక్కన ఒక పులి. ఫోటో తీయమని దేవసహాయం గారి దగ్గరికి వచ్చాడు.

"షెడ్డు ముందు నిలబెడతానండీ. నేను పక్కన దండేసుకుని నించుంటా."

"నిలబడ్డ లారీకి ఫోటో ఎందుకండీ? షెడ్డులో ఉన్నా అట్టాగే ఉంటది. పరిగెత్తించండి."

"పరిగెత్తితే మీరెట్టా తీస్తారండీ?"

"నేనూ పరిగెడతా."

మర్నాడు పొద్దున బందరు రోడ్డు మీద కంకిపాడు దాటాక ఆ మహాయజ్ఞం జరిగింది. ముందు ఒక పాత లారీ. దాని వెనక తలుపు దించేసి, నడుముకు మోకు కట్టుకుని, అంచున దేవసహాయం గారు. ఆ మోకు రెండో కొస పట్టుకుని లంగరులాగా నేను. దేవుడు నాకు ఈ పొట్ట ఇచ్చింది ఆ ఒక్క రోజు కోసమేనని ఆయన అభిప్రాయం. వెనక సాంబయ్య కొత్త లారీ. ఒక పక్క కాలువ, ఒక పక్క ఈనిన చేలు. ఈయన రెండు చేతులూ గాలిలోకి ఎత్తి దగ్గరికి రా, ఆగు, ఎడం పక్కకు దిగు అని సైగలు మొదలుపెట్టారు. వెనకనుంచి సాంబయ్య తల బయటికి పెట్టి అరుస్తున్నాడు: "ఎడం పక్క కాలవుందండోయ్!"

ఉయ్యూరు ఇంకా రెండు మైళ్ళుండగా చేలో ఉన్న రైతులు మమ్మల్ని చూశారు. మోకుతో కట్టేసిన మనిషి, అతని వెనక మోకు పట్టుకున్న ఒక బందిపోటు (అంటే నేను), కాపాడమన్నట్టు గాల్లో ఊగుతున్న చేతులు, తరుముకొస్తున్న మరో లారీ. వాళ్ళకు విషయం క్షణంలో బోధపడింది. గడ్డిబండి ఒకటి రోడ్డుకు అడ్డం వచ్చింది. ఇరవై మంది కర్రలతో దిగారు. నేను వంద అని రాశాను తర్వాత.

"దించండ్రా ఆయన్ని! ఏ ఊరండీ తమరిది? ఎక్కణ్ణించి ఎత్తుకొస్తున్నారు?"

"పామర్రు దగ్గరండీ. ఎవరూ ఎత్తుకు రాలేదు. నేనే కట్టించుకున్నా."

"మీరే కట్టించుకున్నారా? ఎందుకండీ?"

"ఫోటోకండీ."

ఆ పెద్దమనిషి నా వంక తిరిగి, జాలిగా, "ఆసుపత్రికి తీసుకెళ్తున్నారా?" అని అడిగాడు. నేను అవునన్నాను. దేవసహాయం గారు మాత్రం ఆ అబద్ధం కూడా నిలవనివ్వలేదు. లారీ దిగి, అరగంట సేపు అందరికీ తన పని విడమరిచి చెప్పి, చివరికి వాళ్ళందరినీ గడ్డిబండి ముందు నిలబెట్టి సైగలు చేసి ఫోటో తీసి, తర్వాత ఆ ఫోటో పట్టుకెళ్ళి ఇచ్చి వచ్చారు. ఇక సాంబయ్య లారీ ఫోటో చూసినవాళ్ళకు తెలుసు. పచ్చటి చేల మీద ఆ లారీ చక్రాలు నేలకు ఆనకుండా తేలుతున్నట్టుంటుంది.

ఇంతటి సరుకు దొరికాక నా కలం ఊరుకుంటుందా? ఒక వారపత్రికలో పెద్ద వ్యాసం రాశాను. మనిషిని ఉబ్బించింది చాలక విమానాన్ని కూడా ఉబ్బించాను. ఆ విమానానికి ముందేముంటుంది, వెనకేముంటుంది, కడుపులో ఏముంటుంది అంటూ ఒకటిన్నర పేజీలు. నేను విమానాన్ని నేల మీద కూడా దగ్గరగా చూసిన పాపాన పోలేదు. అన్నీ మా వంటింటి సామాను చూసి కల్పించినవే. అచ్చయిన పత్రిక పట్టుకుని ఆనందంగా స్టూడియోకు పోయాను.

ఆయన నిలబడే చదివారు. మొదటి పేజీలో మూడుసార్లు "అంత లేదండీ" అన్నారు. రెండో పేజీలో, విమానం దగ్గరికి వచ్చాక, ఏమీ అనలేదు. పత్రిక మడిచి బల్ల మీద పెట్టారు.

"ఇది మీకెవరు చెప్పారండీ?"

"ఎవరు చెప్తారండీ? నేనే కల్పించాను. బాగా లేదా?"

"బాగుంది" అన్నారు. అంతే. నా జన్మలో ఆయన నన్ను సరిదిద్దకుండా వదిలిపెట్టింది ఆ ఒకటిన్నర పేజీలనే. ఆ మౌనం మెచ్చుకోలనుకుని ఇంటికి పోయి కడుపునిండా భోంచేశాను.

నెల తిరగకముందే ఒకనాడు పదకొండు గంటల వేళ సలోమి గారు మా ఆఫీసుకు వచ్చారు. బడి మధ్యలో వదిలి వచ్చినట్టున్నారు, వేళ్ళకు సుద్దముక్క పొడి ఉంది. "వైమానిక దళం నుంచి ఎవరో ఇద్దరు ఆఫీసర్లు వచ్చారండీ. మీరు రాసింది పట్టుకొచ్చారు. అందులో ఏదో ఒకటి నిజమంటండీ. అది మా ఆయన చెప్పకపోతే మీకెట్టా తెలిసిందంటున్నారు. రాసింది మీరు. వచ్చి చెప్పండి." ఆవిడ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

స్టూడియోలో ఫోటోలకు కూర్చునే రెండు కుర్చీల్లో ఇద్దరు ఆఫీసర్లు కూర్చుని ఉన్నారు. ఒకాయన తెల్లజుట్టు పెద్దాయన, ఉత్తరాదివారు. రెండో ఆయన నెల్లూరు వైపు యువకుడు. పెద్దాయన ఇంగ్లీషును నాకు తెలుగు చేసి చెప్పినవాడు ఆయనే. దేవసహాయం గారు గోడకు ఆనకుండా, నిటారుగా నిలబడి ఉన్నారు. రహస్యం చెప్పినట్టు తేలితే కోర్టు, జైలు. పదిహేనేళ్ళు ఆకాశంలో కూర్చుని సంపాదించుకున్న మాట, ఒక హాస్యరచయిత వంటింటి పాత్రల కింద పడి నలిగిపోతోంది.

"అయ్యా, నేను అబద్ధాలకోరును. ఊరంతా సాక్ష్యం చెబుతుంది" అన్నాను. ఇంత గట్టిగా నిజం చెప్పడం నాకదే మొదలు.

"అందరూ పట్టుబడ్డాక అదే అంటారండీ" అన్నాడు యువకుడు.

"ఏ వాక్యం నిజమో చెప్పండి. అది ఏ పాత్ర చూసి రాశానో తెచ్చి చూపిస్తాను."

ఆయన పెద్దాయనకు చెప్పాడు. పెద్దాయన మొదటిసారి నవ్వారు. "ఏ వాక్యమో చెబితే మేము చెప్పినట్టవుతుందంటున్నారండీ" అని అనువాదం వచ్చింది. తర్వాత పెద్దాయన ఒక తెల్లకాగితం నా ముందు పెట్టారు. నిజంగా కల్పించేవాణ్ణయితే, అదే విమానం గురించి ఇప్పుడు, ఇక్కడ, కొత్తగా కల్పించి రాయాలి.

పాఠకులారా, ఇరవై ఏళ్ళుగా కల్పిస్తున్నాను. సంపాదకులు బజారులో ఆపి అడిగితే రిక్షా సీటు మీద కల్పించి ఇచ్చినవాణ్ణి. ఆ కాగితం ముందు కలం మూత తీసి మళ్ళీ పెట్టాను. ఎందుకంటే ఇప్పుడు రాసేవాటిలో ఇంకొకటి గురి తప్పి నిజమైతే, దేవసహాయం గారి పని అంతే. అబద్ధం రాయాలి, అది కచ్చితంగా అబద్ధమై ఉండాలి, అది అబద్ధమో కాదో ఆ గదిలో నాకు తప్ప అందరికీ తెలుసు.

తోక చివర తేనెపట్టులాంటి పెట్టె ఉంటుందని, అందులోంచి జోరీగల మోత వస్తుందని రాశాను. యువకుడు చదివి వినిపించాడు. ఇద్దరూ నవ్వారు. రెక్కల కింద ఇత్తడి గంగాళాలు బోర్లించి ఉంటాయని రాశాను. నవ్వారు. పైలట్ నెత్తిన గొడుగు, గొడుగు ఊచలకు తీగెలు అని రాశాను. పెద్దాయన జేబురుమాలు తీశారు. ఆ ఊపులో నాలుగోది రాశాను. అది ఇక్కడ చెప్పను. యువకుడు చదివాడు. ఎవరూ నవ్వలేదు.

అప్పుడు చూశాను దేవసహాయం గారి వంక. అది మంచిదా చెడ్డదా, కొట్టివేయనా ఉంచనా, ఒక్క సైగ చాలు. లారీలను నడిపించిన చేతులు, పెళ్ళివారిని ఎడమకు దింపిన చేతులు పక్కలకు అంటుకుని ఉన్నాయి. కళ్ళు కిటికీలోంచి వీధి పంపు మీద ఉన్నాయి. రెప్ప వెయ్యడం లేదు. చూస్తుండగానే ఆ కళ్ళలో నీళ్ళు ఊరి మీసం మీదికి జారాయి. అయినా రెప్ప వెయ్యలేదు.

పెద్దాయన ఆయన వైపు తిరిగి అడిగారు: "సార్జెంట్, ఇతను రాసినవాటిలో నిజమేదైనా ఉందా?"

"తమకు తెలుసు సర్. ఈయన ఎదురుగా నేను చెప్పను. ఉందన్నా చెప్పినట్టే, లేదన్నా చెప్పినట్టే."

"చెప్పకపోతే నష్టం నీకే."

"అవును సర్."

పెద్దాయన యువకుడి చేతిలోంచి కాగితం తీసుకున్నారు. తర్వాత దాన్ని నాలుగుగా మడిచి జేబులో పెట్టుకుని లేచారు. ఆయన అన్నది యువకుడు చెప్పాడు: "ఈ మనిషి పదిహేనేళ్ళలో ఒక్క ఫోటో వెనక కూడా తప్పు రాయలేదంటున్నారండీ. ఈయనే చెప్పి ఉంటే మీ వ్యాసంలో ఇన్ని తప్పులుండవంట." గుమ్మం దాటుతూ ఆయనే నా చెవిలో, "హాస్యం రాసుకోండి సార్. విమానాలు తప్ప" అన్నాడు.

వాళ్ళ జీపు మలుపు తిరిగాక సలోమి గారు టీ పెట్టడానికి లోపలికి వెళ్ళారు. నేను క్షమాపణకు మాటలు వెతుక్కుంటున్నాను. దేవసహాయం గారే ముందు మాట్లాడారు.

"మీరు నా వంక చూడకుండా ఉండాల్సిందండీ."

"ఏదన్నా సైగ చేస్తారేమోనని..."

"అదేనండీ. చేద్దామనిపించింది. ఒక్క రెప్ప వేస్తే మీకు తెలిసిపోద్ది. అందుకని అసలు వెయ్యకుండా నిలబడ్డా." కళ్ళు నులుముకున్నారు. "మంటగా ఉంది."

ఆయన నన్ను తిట్టలేదు. అరుగు మీదికి రావద్దనలేదు. కాని ఆనాటినుంచి ఆకాశం మాట ఎత్తలేదు. అంతకుముందు చలి గురించీ, మబ్బుల మీద తమ విమానం నీడ చుట్టూ కనపడే రంగుల వలయం గురించీ చెప్పేవారు. అవీ మానేశారు. నా నోట పడితే అవి ఎక్కడ తేలతాయోనన్న భయం కావచ్చు. అడగడానికి నాకు ముఖం చెల్లలేదు.

ఈ నెల మొదట్లో విషజ్వరం వచ్చింది. తగ్గినట్టే తగ్గి తిరగబెట్టి తలకెక్కింది. గురువారం మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్ళేసరికి వరండాలోనే పాట వినపడింది. మంచం పక్కన నిలబడి సలోమి గారు కీర్తన పాడుతున్నారు. మంద్రంగా కాదు, నూరు మంది ఉన్న చర్చికి ఎత్తుకున్నట్టు. గొంతు బొంగురుపోయి ఉంది. నర్సు వచ్చి "ఏంటమ్మా ఇది, ఆసుపత్రనుకున్నారా ఏమనుకున్నారు?" అంటే చేతులు జోడించారే గాని ఆపలేదు. మంచం మీద ఆయన కళ్ళు మూసుకుని ఏదో మాట్లాడుతూనే ఉన్నారు. పెదవులు ఎడతెరిపి లేకుండా కదులుతున్నాయి.

చరణానికీ చరణానికీ మధ్య ఆవిడ నాకు చెప్పారు. "నిన్న తెలివి ఉన్నప్పుడు చెప్పారండీ. మాట అదుపు తప్పుతోంది సలోమీ, జ్వరంలో ఏమన్నా వాగితే ఎవరి చెవినా పడనియ్యకు, నీ చెవిన కూడా అని. విమానాల మాటలేనండీ భయం. నిన్నట్నుంచీ పాడుతున్నా." అంటూనే మళ్ళీ ఎత్తుకున్నారు. గొంతు రాలేదు. దగ్గు వచ్చింది. ఆ సందులో ఆయన మాట ఒకటి పైకి తేలబోయింది. ఆవిడ కంగారుగా నా చెయ్యి పట్టుకున్నారు. "మీరు పాడండి."

"నాకు రాదమ్మా."

"రాకపోయినా పర్లేదండీ. గట్టిగా అనండి."

అన్నాను. రాని పాటను, లేని గొంతుతో, ఆ ఆసుపత్రి పెంకులు ఎగిరిపోయేలాగా అన్నాను. పక్కమంచం ముసలాయన కూడా కలిశాడు. ఎంతసేపు పాడామో తెలియదు. మర్నాడు మధ్యాహ్నం ఆవిడ పాడుతుండగానే ఆ పెదవులు ఆగాయట.

ఈ జిల్లాలో ఫోటోలు తీసేవారికి కొదవలేదు. ఇకమీదట ఎవరో వస్తారు, మనల్ని నిలబెడతారు, నవ్వమంటారు, నవ్వుతాం. కాని తనకు తెలిసినది తనతోనే ఉంచుకుని, తనకు తెలియనిది ఒక్క మాట కూడా చెప్పకుండా, మన మధ్య ఆరేళ్ళు బతికిన ఆ సత్యవాక్కు ఇక లేదు. ఆయన స్థానం ఖాళీగా ఉంటుంది. దాన్ని దేనితోనూ నింపడం నాకు చేతకాదు.

శనివారం సమాధి దగ్గరనుంచి అందరూ వెళ్ళాక సలోమి గారు నన్ను ఆగమన్నారు. మూడు రోజుల పాటతో ఆవిడ మాట గుసగుసలాగా వస్తోంది.

"ఆఖర్న నాతో ఏమన్నా అన్నారేమోనండీ. నాకు వినపళ్ళేదు. గురువారం మీరు తలవైపు నించున్నారు కదా. మీకేమన్నా వినపడిందా? విమానం మాట అయితే చెప్పొద్దు. నా పేరు... అట్టాంటిదేమన్నా?"

నా వృత్తికి అంతకన్నా సులువైన పని ఎప్పుడూ తగల్లేదు. పెదవి దాకా వచ్చింది ఒక మాట. చక్కటి మాట. ఆవిడ జన్మంతా దాచుకోదగిన మాట. ఇరవై రెండేళ్ళ కాపురానికి సరిపోయే మాట.

"లేదమ్మా" అన్నాను. "నేనూ పాడుతున్నాను కదా."

ఆవిడ తల ఊపారు. "అయితే ఎవరికీ వినపళ్ళేదన్నమాట" అన్నారు. కొంగుతో ముఖం తుడుచుకుని, ఇంకోసారి తల ఊపి, ఇంటివైపు నడిచారు.